బీటిల్ స్వింగ్ యాక్సిల్: ట్యూబ్ రిటైనర్ కింద ఏ మందం గ్యాస్కెట్? బూట్ల దగ్గర కారడం ఆపేదెలా?

పాతచక్రం:

నమస్కారం అండీ. బండి 1966 ఫోక్స్‌వాగన్ బీటిల్ 1300, వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రానికి వెళ్లే ట్యూబ్ గేర్‌బాక్స్ దగ్గర కీలులా పైకీ కిందికీ ఆడే రకం). గేర్‌బాక్స్ దించి బెంచీ మీద పెట్టాం. గేర్లు చక్కగా పడుతున్నాయి, మోత లేదు. అందుకని లోపల ఏమీ విప్పదలచుకోలేదు. కారడం ఒక్కటే సమస్య.

ట్యూబులు గేర్‌బాక్స్‌ను కలిసే చోట ఉండే రెండు రబ్బరు బూట్లూ (తొడుగులు) చుట్టూ తడిగా ఉన్నాయి. ఎడమ ట్యూబ్ ఊడదీసి చూస్తే రిటైనర్ (ట్యూబ్‌ను పట్టి ఉంచే బిళ్ల) కింద పేపర్ గ్యాస్కెట్ అసలు లేదు, ఎర్ర సిలికాన్ మాత్రం దట్టంగా పట్టించి ఉంది. కుడి ట్యూబ్ ఇంకా గేర్‌బాక్స్‌కే ఉంది, దాని డ్రమ్ కూడా తీయలేదు. ఎడమ బ్రేక్ డ్రమ్ లోపల గేర్ ఆయిల్ చేరి లైనింగులు నల్లగా తడిసిపోయాయి.

తెప్పించిన గ్యాస్కెట్ సెట్‌లో రిటైనర్ ఆకారంలో పేపర్లు నాలుగు వచ్చాయి. మైక్రోమీటర్ పెడితే రెండు 0.2 మి.మీ., రెండు 0.4 మి.మీ. ఒక్కో వైపుకు రెండూ కలిపి వేయాలా, ఏదో ఒకటే వేయాలా? పేపర్‌కు ఏమైనా రాయాలా, పొడిగానే వేయాలా? బూట్లు ఒక వైపు చీలిక ఉండి స్క్రూలతో మూసే రకం. ఆ అతుకు పైకి ఉండాలా, కిందికి ఉండాలా? డ్రమ్‌లోకి ఆయిల్ రావడానికీ ఈ గ్యాస్కెట్‌కూ సంబంధం ఉందా, లేక అది వేరే గొడవా?

యాక్సిల్‌మేస్త్రి:

పాతచక్రం గారూ, రెండూ కలిపి వేయాలా అన్న ప్రశ్నకు కొలవకుండా జవాబు చెప్పలేం. ఆ పేపర్ చేసేది సగం గ్యాస్కెట్ పని, సగం షిమ్ (మందం సర్దే పలచని బిళ్ల) పని. ట్యూబ్ లోపలి కొస గోళంలా ఉంటుంది కదా, అది గేర్‌బాక్స్ పక్క కవర్‌లోని గుంటలో కూర్చుంటుంది. రిటైనర్ దాన్ని బయటి నుంచి పట్టి ఉంచుతుంది. పేపర్ మందం పెరిగితే రిటైనర్ బయటికి జరుగుతుంది, ట్యూబ్‌కు ఆట వస్తుంది. మందం తగ్గితే గోళాన్ని నొక్కేస్తుంది. ట్యూబ్ లోపలికీ బయటికీ కదిలే ఆట 0 నుంచి 0.2 మి.మీ. లోపల ఉండాలి. పట్టేయకూడదు, లొడలొడ ఆడకూడదు.

బిగువుగా ఉంటే చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు గోళం గీసుకుపోతుంది, వెనక సస్పెన్షన్ బిరుసుగా అనిపిస్తుంది. వదులుగా ఉంటే ట్యూబ్ ప్రతి గతుకుకూ లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది, పేపర్ అంచులు నలిగి చినుగుతాయి, ఆయిల్ బూట్‌లోకి ఎక్కువగా తోసుకొస్తుంది. సిలికాన్ ఒక్కటే వేసిన చోట మందం ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఒక వైపు 0.1, ఇంకో వైపు 0.5 ఉండొచ్చు. రిటైనర్ వంకరగా కూర్చుంటుంది.

కొలిచే పద్ధతి చెప్తాను. ముందు రెండు ముఖాలూ శుభ్రం చేయండి. గేర్‌బాక్స్ ఒళ్లు మెగ్నీషియం మిశ్రమం, చాలా మెత్తన. ఇనుప గీకుడు బిళ్లతో గీకితే పడిన గాడి అలాగే ఉండిపోతుంది, ఆయిల్‌కు అదే దారి. ప్లాస్టిక్ లేదా గట్టి చెక్క ముక్క వాడండి. మొండి సిలికాన్‌ను గ్యాస్కెట్ రిమూవర్ పోసి మెత్తబడ్డాక తీయండి. గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి దాని మీదకు పోవద్దు. ముఖం పాడవడం ఒకటి, మెగ్నీషియం పొడి అంటుకుంటే ఆర్పడం కష్టం, నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది.

స్టడ్‌ల (కవర్‌లో నాటి ఉండి, రిటైనర్ నట్లు ఎక్కే మరల కడ్డీల) మొదళ్లు చూడండి. గతంలో ఎవరైనా అతిగా బిగించి ఉంటే స్టడ్ చుట్టూ లోహం కొద్దిగా పైకి లేచి ఉంటుంది. ఆ పొంగు ఉన్నంతసేపూ మీ కొలత అబద్ధమే చెప్తుంది. స్టడ్ తీసి, సన్నని ఆకురాయితో పొంగును మాత్రం చదును చేసి మళ్లీ ఎక్కించండి. రిటైనర్‌ను కూడా మందపాటి గాజు పలక మీద బోర్లా పెట్టి చూడండి. నట్టు రంధ్రాల దగ్గర వంగి ఉంటే గాజు మీద ఎమరీ పేపర్ పరిచి రుద్దితే ఎక్కడ ఎత్తుగా ఉందో మెరుపు చెప్తుంది.

ఇప్పుడు గోళానికి గేర్ ఆయిల్ పూసి, ట్యూబ్‌ను దాని లోపల తిరిగే యాక్సిల్ షాఫ్ట్ మీదుగా ఎక్కించి గుంటలో కూర్చోబెట్టండి. పేపర్ ఏమీ వేయకుండా రిటైనర్ పెట్టి ఆరు నట్లూ చేత్తో, ఎదురెదురుగా, రిటైనర్ గోళాన్ని తాకే వరకు తిప్పండి. పానా పెట్టొద్దు. అప్పుడు రిటైనర్‌కూ కవర్‌కూ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి ప్రతి స్టడ్ పక్కనా కొలిచి రాసుకోండి. కొలతలు ఒకదానికొకటి 0.05 కంటే ఎక్కువ తేడాగా ఉంటే రిటైనర్ ఒరిగి ఉందని అర్థం, నట్లు సర్ది మళ్లీ కొలవాలి. ఆ సందు ఎంతో అంత మందం పేపర్ వేస్తే ఆట సున్నా. సందుకు 0.2 కలిపితే అది పై హద్దు. పేపర్ బిగిశాక కొంచెం నలుగుతుంది కాబట్టి సున్నాకు సరిగ్గా సరిపోయే పేపర్ కంటే ఒక మెట్టు మందమైనదే ఎంచుకోవాలి.

పేపర్ వేసి, స్ప్రింగ్ వాషర్లతో నట్లు ఎదురెదురుగా, ముందు 10, తరువాత 20 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. ఫుట్ పౌండ్ల రెంచ్ ఉంటే 14. అంతకు మించి వద్దు. కారుతోందని ఇంకో పావు చుట్టు లాగితే కారడం ఆగదు, స్టడ్ ఊడి చేతికొస్తుంది. ఆ తర్వాత ట్యూబ్ చివర పట్టుకుని నాలుగు వైపులా ఆడించి చూడాలి. ఎక్కడా పట్టకుండా, నూనె పట్టించిన తలుపు బందులా నిదానంగా కదలాలి. డయల్ గేజ్ ఉంటే ట్యూబ్ అక్షం వెంట లాగి, నెట్టి ఆట చదవండి.

చాలామంది చేసే పని ఒకటుంది. ట్యూబ్ ఊడదీయకుండా రిటైనర్‌ను మాత్రం వెనక్కి జరిపి, కొత్త పేపర్‌ను ఒక చోట కత్తిరించి సందులోంచి దూర్చేస్తారు. కోసిన చోట వారంలో చెమ్మ మొదలవుతుంది. పేపర్ పూర్తి వలయంగానే ఎక్కాలి. అంటే ట్యూబ్ షాఫ్ట్ మీద నుంచి బయటికి రావాల్సిందే. మీకు ఎడమది ఇప్పటికే వచ్చింది కాబట్టి సగం పని అయినట్టే.

బూట్ సంగతి. రిటైనర్ పేపర్ ఎంత బాగా కూర్చున్నా, గోళానికీ రిటైనర్‌కూ మధ్య సీల్ అంటూ ఏమీ లేదు, లోహం మీద లోహమే. ఆయిల్ బూట్‌లోకి రావడం సహజం. దాన్ని బయటికి రానివ్వనిది బూట్ ఒక్కటే. కాబట్టి బూట్‌ను దుమ్ము ఆపే తొడుగు అనుకోకండి.

అతుకు పైకీ వద్దు, కిందికీ వద్దు. చక్రం ఆడేది పైకీ కిందికీ కనుక బూట్ పై భాగం, కింది భాగం ఎక్కువగా సాగి ముడుచుకుంటాయి. కింద పెడితే ఆయిల్ కూడా అక్కడే నిలబడుతుంది. పక్కకు, అడ్డంగా ఉండేలా పెట్టండి. వెనక వైపుకు తిప్పితే ముందు చక్రాలు విసిరే రాళ్లు తగలవు, స్క్రూలకు చేయి కూడా అందుతుంది.

అతుకు రెండు పెదాలనూ ఆయిల్ లేకుండా స్పిరిట్‌తో తుడిచి, గట్టిపడని సీలెంట్ పలచగా ఒక పొర రాయండి. స్క్రూలు అన్నీ చేత్తో ఎక్కించాక, వరసగా కొంచెం కొంచెం బిగించండి. రబ్బరు పెదాలు వాషర్ చుట్టూ ఉబ్బడం మొదలైతే ఆపేయాలి. ఇంకా లాగితే స్క్రూల మధ్య అల లేచి నోళ్లు తెరుచుకుంటుంది. రెండు కొసల క్లిప్పులు ఇప్పుడే పూర్తిగా బిగించొద్దు. బండి చక్రాల మీద నిలబడ్డాక, యాక్సిల్ తన మామూలు ఎత్తుకు వచ్చాక, బూట్ మెలితిరగలేదని చూసి అప్పుడు బిగించండి. వేలాడే ట్యూబ్ మీద బిగిస్తే బండి కిందికి దిగగానే బూట్ ఒక వైపు లాగబడుతుంది.

డ్రమ్‌_డాక్టర్:

డ్రమ్‌లో ఆయిల్ గురించి నేను చెప్తా. సంబంధం ఉంది, కానీ గ్యాస్కెట్ వేరు. ఈ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ట్యూబ్ వెంట ప్రయాణించి చివరి చక్రం బేరింగ్‌కు కూడా అదే అందుతుంది. బేరింగ్ 6306, మూతలు లేని రకం. మూతలున్న బేరింగ్ వేస్తే సీల్ ఇక మార్చక్కర్లేదు అని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకండి. లోపలి గ్రీజు అయిపోయాక ఆ బేరింగ్‌కు గేర్ ఆయిల్ అందదు.

చక్రం వైపు ఆయిల్‌కు మూడు దారులున్నాయి. మొదటిది, చక్రం బేరింగ్ మీద ఉండే కవర్‌లోని ఆయిల్ సీల్. రెండోది, కవర్ కింద పేపర్ గ్యాస్కెట్, బేరింగ్ చుట్టూ కూర్చునే పెద్ద ఓ రింగ్. మూడోది చిన్న ఓ రింగ్. బేరింగ్ బయటి వాషర్‌కూ స్పేసర్‌కూ (దూరం నిలిపే గొట్టం ముక్క) మధ్య షాఫ్ట్ మీద కూర్చుంటుంది. ఇది మరిచిపోతే సీల్ కొత్తదైనా ఆయిల్ షాఫ్ట్ పళ్ల వెంట డ్రమ్ నడుమలోంచి బయటికొస్తుంది. హబ్ నట్టు చుట్టూ తడి కనిపిస్తే అనుమానించాల్సింది సీల్‌ని కాదు, ఈ చిన్న రింగ్‌నే. స్పేసర్‌కు ఒక కొస లోపల వాలుగా చెక్కి ఉంటుంది. ఆ వాలు బేరింగ్ వైపుకు ఉండాలి, రింగ్ అందులో నలిగి కూర్చోవాలి.

స్పేసర్ మీద సీల్ పెదవి నడిచిన చోట గోరు తగిలితే స్పేసర్ మార్చాలి. సన్న ఎమరీతో మెరుగు పెడితే పైకి నున్నగా కనిపిస్తుంది, గాడి మాత్రం పోదు. సీల్ పెదవి, స్ప్రింగ్ ఉన్న వైపు, లోపలికి చూడాలి. కొట్టే ముందు పెదవికి ఆయిల్ రాయండి. సీల్‌ను చెక్క దిమ్మతో, వంకర పోకుండా అడుగుకు ఆనే దాకా దింపండి. కవర్‌కు ఆయిల్ బయటికి పోయే రంధ్రం ఒకటి ఉంటుంది, అది సరిగ్గా కిందికి ఉండాలి, తెరుచుకుని ఉండాలి. సీల్ కొంచెం కారినా ఆ ఆయిల్ బ్రేకుల మీద పడకుండా బ్యాకింగ్ ప్లేట్ వెనకనుంచి నేల మీద పడేలా చేసిన ఏర్పాటు అది. మీ లైనింగులు తడిశాయంటే సీల్ పోవడంతో పాటు ఆ రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంటుందనే నా నమ్మకం. చూసి చెప్పండి.

కవర్ బోల్టులు నాలుగు, 60 న్యూటన్ మీటర్ల దాకా. హబ్ నట్టు 36 మి.మీ., 217 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 294 న్యూటన్ మీటర్లు. అది బండి నేల మీద ఉన్నప్పుడే బిగించాలి. కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకా బిగించి కలపాలి, వెనక్కి తిప్పి కలపకూడదు. నట్టు వదులైతే డ్రమ్ లోపలి పళ్లు అరిగిపోతాయి, స్పేసర్ కదిలి చిన్న రింగ్ నలిగిపోతుంది, మళ్లీ కథ మొదటికి.

గేర్ ఆయిల్ తాగిన లైనింగులు ఎంత కడిగినా, ఎంత కాల్చినా పనికి రావు. వేడెక్కినప్పుడల్లా లోపలి ఆయిల్ పైకి తేలుతుంది. ఒక వైపే మార్చితే బ్రేకు పక్కకు లాగుతుంది, కాబట్టి రెండు వైపులా మార్చండి.

కుడి డ్రమ్ ఇంకా తీయలేదన్నారు. గేర్‌బాక్స్ బెంచీ మీద ఉండగా హబ్ నట్టు విప్పడం ఒంటరిగా అయ్యే పని కాదు. డ్రమ్‌కు రెండు వీల్ బోల్టులు ఎక్కించి వాటి మధ్య పొడవాటి ఇనుప పట్టీ అడ్డం పెట్టి నేలకు ఆనించండి. ఇంకొకరిని గేర్‌బాక్స్ పట్టుకోమని, పానాకు పైపు తొడిగి లాగండి.

ఆటోనగర్_లేత్:

సిలికాన్ అంటే అందరూ అలా విరుచుకుపడతారు గానీ, పేపర్‌తో పాటు పలచగా రాస్తే తప్పేముంది? పొడి పేపర్ గీతలున్న పాత ముఖం మీద కారకుండా ఉంటుందా? అందరూ కొత్త గేర్‌బాక్సులు పెట్టుకుని కూర్చోలేదు కదా.

ఇంకోటి, సెట్‌లో సరైన మందం లేకపోతే దిగులు పడక్కర్లేదు. ఆయిల్‌కు తట్టుకునే గ్యాస్కెట్ పేపర్ మన ఊళ్లలో కూడా షీట్ల లెక్కన దొరుకుతుంది, మందం అడిగి తీసుకోవచ్చు. కాకపోతే అంచు మీద పేపర్ పెట్టి సుత్తితో కొట్టి కోసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇంజన్ ఇనుప బ్లాకు మీద సరే గానీ, మెగ్నీషియం అంచు అలా కొడితే ముక్కలవుతుంది. రిటైనర్ ముఖానికి గ్రీజు పూసి పేపర్ మీద అచ్చు వేయండి, దాన్ని కత్తెరతో కోయండి. స్టడ్ రంధ్రాలు పంచ్‌తో, స్టడ్ కంటే ఒక మి.మీ. పెద్దగా. రంధ్రం బిగువుగా ఉంటే పేపర్ ఉబ్బి మడత పడుతుంది.

చీలిక లేని పూర్తి బూట్ వేయాలనుకుంటే ట్యూబ్ చివర ఉన్న బేరింగ్ హౌసింగ్ తీయాలి. అది ప్రెస్‌లో పెట్టి తీసే పని. ముందు దాన్ని పట్టి ఉంచే పిన్ తీయాలి, మరిచిపోయి ప్రెస్ ఎక్కిస్తే హౌసింగ్ పగులుతుంది. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న వర్క్‌షాప్‌లో అరపూట పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ ఆటోనగర్‌లోనో అలాంటి ప్రెస్‌కు కొదవ లేదు.

యాక్సిల్‌మేస్త్రి:

లేత్ అన్నా, నేను కాదన్నది సిలికాన్‌ను కాదు, కొలత లేకపోవడాన్ని. పేపర్ ఉండి, దాని మీద ఏదైనా సీలెంట్ ఊపిరంత పలచగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ చోట మామూలు సిలికాన్ ఎంచుకోను. ఆయిల్ తగులుతూ ఉంటే కొన్ని రకాలు మెత్తబడి జారతాయి. పేపర్ రెండు వైపులా అది ఉంటే బిగించేటప్పుడు పేపర్ బయటికి జారిపోతుంది. పిండిన సిలికాన్ లోపలి అంచున తోకలా నిలబడి, ఊడి, డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లలో) తిరుగుతుంది. గట్టిపడని గోధుమ రంగు ద్రవం, బ్రష్‌తో రాసేది, పర్మాటెక్స్ ఏవియేషన్ లాంటిది, లేదా హైలోమార్ తీసుకుంటే ఈ బాధ లేదు. మన మెకానిక్కులు వాడే గ్యాస్కెట్ షెల్లాక్ కూడా ఆయిల్‌కు నిలుస్తుంది. దానితో చిక్కు ఒక్కటే, గట్టిగా ఎండుతుంది. తరువాత విప్పేవాడు మెత్తటి మెగ్నీషియం మీద గీకాల్సి వస్తుంది.

గీతలున్న ముఖానికి ఇంకో ఉపాయం. గీత లోతుగా ఉంటే ఎపాక్సీ మెటల్ పూరకంతో నింపి చదును చేయండి. గీత మీద సీలెంట్ కుప్ప పోస్తే ఆ చోట మందం పెరిగి మళ్లీ కొలత పోతుంది.

స్టడ్ దారాలకు కూడా ఒక చుక్క సీలెంట్ రాయండి. స్టడ్ రంధ్రం లోపలికి తెరుచుకుని ఉంటే ఆయిల్ దారాల వెంట పాకి నట్టు కింద తేలుతుంది. చూసినవాడు గ్యాస్కెట్ పోయిందనుకుంటాడు.

పాతచక్రం:

అందరికీ ధన్యవాదాలు. కవర్ రంధ్రం డాక్టర్ గారు చెప్పినట్టే మట్టితో గట్టిగా మూసుకుపోయి ఉంది. చిన్న ఓ రింగ్ ఉంది గానీ చదునుగా నలిగి రాయిలా అయింది.

ఎడమ వైపు కొలతలు, ఆరు స్టడ్‌ల పక్కనా: 0.28, 0.27, 0.30, 0.30, 0.28, 0.27. కుడిది కూడా విప్పాం. అక్కడ మాత్రం రిటైనర్ కవర్‌కు పూర్తిగా ఆనిపోయింది, సందే లేదు. పేపర్ లేకుండానే ట్యూబ్‌కు కొంచెం ఆట ఉంది, డయల్ గేజ్‌లో 0.15. అంటే కుడి వైపు పేపర్ వేస్తే ఆట ఇంకా పెరుగుతుంది కదా? పేపర్ లేకుండా సీలెంట్‌తోనే సరిపెట్టాలా?

యాక్సిల్‌మేస్త్రి:

ఎడమ వైపు సగటు సుమారు 0.28. 0.2 పేపర్ వేస్తే బిగుస్తుంది. 0.4 పేపర్ ఒక్కటే వేయండి. కొంచెం నలిగాక కూడా దాదాపు 0.08 నుంచి 0.12 ఆట మిగులుతుంది. ఖాయం చేసే ముందు నట్లు 20కి బిగించి డయల్ గేజ్‌తో ఒకసారి చదవండి.

కుడి వైపు సరిపెట్టుకోవద్దు. ఆనిపోయిందంటే అరిగిపోయిందనే. అరిగింది గోళమా, రిటైనరా, కవర్‌లోని గుంటా అన్నది తేల్చాలి. ఎడమ ట్యూబ్‌ను దాని రిటైనర్‌తో సహా కుడి వైపు కవర్‌లో ఒకసారి పెట్టి సందు కొలవండి, బిగించడానికి కాదు, చూడటానికి. అక్కడ కూడా 0.28కి దగ్గరగా వస్తే కవర్ గుంట బాగుంది, తప్పు కుడి ట్యూబ్‌దో రిటైనర్‌దో. అక్కడ కూడా సందు లేకపోతే కవర్ గుంట అరిగింది.

ట్యూబ్, రిటైనర్ తేల్చడానికి గోళం మీద వేలి గోరు నడిపి చూడండి. రాపిడితో మెరిసిన పట్టీ చివర మెట్టు తగిలితే గోళం అరిగింది. రిటైనర్ లోపలి అంచు కత్తిలా పదునుగా ఉంటే అది అరిగింది. రిటైనర్ మార్చడానికి కూడా బేరింగ్ హౌసింగ్ ప్రెస్‌లో తీయాల్సిందే, ఎందుకంటే గోళానికీ హౌసింగ్‌కూ మధ్య అది బందీ. ఎలాగూ ప్రెస్ దాకా వెళ్తున్నారు కాబట్టి అప్పుడే చీలిక లేని పూర్తి బూట్ ఎక్కించేయండి. చీలిక ఉన్నది అత్యవసరానికి ఉంచుకోండి. హౌసింగ్ తీసే ముందు ట్యూబ్ మీదా హౌసింగ్ మీదా గుర్తు గీయండి, మళ్లీ అదే కోణంలో ఎక్కాలి.

కవర్ గుంటే అరిగిందని తేలితే కవర్ మార్చేయకండి వెంటనే. పక్క కవర్‌ను విప్పితే డిఫరెన్షియల్ బేరింగుల బిగువు మారుతుంది. దాన్ని షిమ్‌లతో కొలిచి పెట్టే పని గేర్‌బాక్స్ కట్టేవాళ్లది. మీ గేర్‌బాక్స్ మోత లేకుండా నడుస్తోంది, అక్కడ చేయి పెట్టే అవసరం వస్తే అన్నీ సిద్ధం చేసుకుని పెట్టండి.

పాత సామాను వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 1967 మోడల్ నుంచి వెనక చక్రాల మధ్య వెడల్పు పెరిగింది, యాక్సిల్, ట్యూబ్ పొడవు మారాయి. ట్యూబ్ మొత్తం మార్చే పని పడితే 1966కి పొడవు సరిచూసుకుని కొనండి.

స్ప్రింగ్ ప్లేట్‌కు (ట్యూబ్ బయటి కొసను సస్పెన్షన్‌కు కలిపే పట్టీ) ట్యూబ్ బిగించేటప్పుడు విప్పే ముందు పెట్టిన గుర్తు కలవాలి. పెట్టలేదా? అయితే బోల్టులు బిగించిన పాత ముద్ర మీద కూర్చోబెట్టి బండి నడిచాక వెనక చక్రాల టో (చక్రాలు నేరుగా ముందుకు చూస్తున్నాయా అన్న కొలత) చూపించండి. బోల్టులు 110 న్యూటన్ మీటర్లు.

డల్లాస్‌_బీటిల్:

ఆయిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు, కారడానికి సగం కారణం అదే అవుతుంది. 1966 గేర్‌బాక్స్‌కు పూర్తిగా ఖాళీ చేసి కట్టాక 3 లీటర్లు పడుతుంది, మామూలుగా మార్చేటప్పుడు 2.5 లీటర్లే, ఎందుకంటే కొంత లోపల మిగిలిపోతుంది. పోసే రంధ్రం అంచు దాకానే లెవెల్. ఒక్కసారిగా పోస్తే రెండు లీటర్లు దాటకముందే రంధ్రంలోంచి పొర్లుతుంది, నిండిందనుకుని మూసేస్తారు. ఆయిల్ ట్యూబుల్లోకి పాకడానికి సమయం పడుతుంది. రెండు లీటర్లు పోసి, కొన్ని నిమిషాలు ఆగి, మిగతాది నెమ్మదిగా పోయండి. తరువాత బండి సమంగా ఉందో లేదో చూసుకుని లెవెల్ చూడండి. ఒక వైపు జాకీ మీద ఉంచి చూస్తే ఆయిల్ పల్లంగా ఉన్న ట్యూబ్‌లోకి పరుగెత్తుతుంది, లెవెల్ తక్కువ కనిపిస్తుంది, మీరు ఇంకా పోస్తారు. అలా ఎక్కువైన ఆయిలే బూట్ల మీదా చక్రం సీళ్ల మీదా పడుతుంది.

జీఎల్-4 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్ పోయండి. ఇక్కడ అమెరికా షాపుల్లో అలమారల నిండా జీఎల్-5 కనిపిస్తుంది, జీఎల్-4 అడిగి తెచ్చుకోవాలి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిపిన రసాయనాలు ఎక్కువ. ఇత్తడి సింక్రో రింగులకు (గేర్లు సాఫీగా పడేలా వేగాలు కలిపేవి) అవి మంచివి కావు, పైగా అంత జారుడు ఉంటే సింక్రో పట్టు తగ్గుతుంది. భారత్‌లో జీఎల్-4, 80డబ్ల్యూ-90 మామూలు గేర్‌బాక్సుల కోసం సులువుగా దొరుకుతుంది కాబట్టి మీకు ఈ తిప్పలు లేవు. కింది ప్లగ్‌లో అయస్కాంతం ఉంటుంది. దాన్ని తుడిచే ముందు చూడండి. బూడిద రంగు సన్న మట్టి మామూలే, పొలుసులు కనిపిస్తే మాత్రం పైన మేస్త్రి గారు వద్దన్న పని, అంటే గేర్‌బాక్స్ లోపల విప్పడం, తప్పదు.

కారేది ఎక్కడి నుంచో తెలియకపోతే అంతా కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, ముఖానికి వేసుకునే పౌడర్ చల్లి కాసేపు నడిపి చూడండి. మొదటి తడి ఎక్కడ కనిపిస్తే అదే మూలం. గేర్ ఆయిల్‌కు గంధకం ఘాటు ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు ఉండదు. క్లచ్ ఉండే బెల్‌హౌసింగ్ కింద తడిసి ఆ ఘాటు ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. గేర్‌బాక్స్ బయట ఉండగా అది మార్చడం అరగంట పని, ఎక్కించాక ఇంజన్ దించాలి. కాబట్టి ఇప్పుడే వేసేయండి.

రాగిజావ_గ్యారేజ్:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నా దగ్గర ఉన్నది 1959 బండి, గేర్‌బాక్స్ నిలువుగా రెండు చెక్కలుగా విడిపోయే రకం. దాని మధ్య గ్యాస్కెట్ సెట్‌లో కనిపించలేదు. పేపర్ కోసుకుని వేసుకోవచ్చా?

యాక్సిల్‌మేస్త్రి:

వేయొద్దు. ఆ రెండు చెక్కల మధ్య కంపెనీ కూడా పేపర్ పెట్టలేదు. బేరింగులు కూర్చునే రంధ్రాలు రెండు చెక్కలూ కలిస్తేనే పూర్తి గుండ్రం అవుతాయి. మధ్యలో పేపర్ వస్తే రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్తాయి, బేరింగ్ బయటి రింగ్ తిరగడం మొదలుపెడుతుంది. ముఖాలు రెండూ శుభ్రంగా తుడిచి, గట్టిపడని సీలెంట్ ఒకే ముఖానికి, చాలా పలచగా, బేరింగ్ రంధ్రాల అంచుకు రెండు మూడు మి.మీ. దూరంలో ఆపి రాయండి. నట్లు నడుమ నుంచి అంచులకు, ఎదురెదురుగా బిగించండి. రిటైనర్ పేపర్ కొలత మాత్రం మీకూ పైన చెప్పినట్టే. ఆయిల్ 2.5 లీటర్లు, పాతచక్రం గారికి చెప్పిన 3 లీటర్లు మీ గేర్‌బాక్స్‌లో పోయకండి.

పాతచక్రం:

ఎడమ ట్యూబ్‌ను కుడి కవర్‌లో పెట్టి చూశాం. సందు 0.26 వచ్చింది. కుడి రిటైనర్ లోపలి అంచు పదునుగా ఉంది, గోళం మీద మెట్టు తగల్లేదు. రిటైనర్‌కు, రెండు వైపులకూ పూర్తి బూట్లకు ఆర్డర్ పెడుతున్నాను. రిటైనర్ మార్చాక కుడి వైపు మళ్లీ కొలవాలా, ఎడమకు వేసిన 0.4 పేపరే వేసేయొచ్చా?

యాక్సిల్‌మేస్త్రి:

మళ్లీ కొలవాలి. కొత్త రిటైనర్, పాత గోళం, వేరే గుంట. 0.26 అన్నది ఎడమ ట్యూబ్ కొలత. కొత్త రిటైనర్‌తో సందు 0.2 నుంచి 0.35 లోపల వస్తే 0.4 పేపర్ సరిపోతుంది. 0.2 కంటే తగ్గితే మీ దగ్గరున్న 0.2 పేపర్ చూడండి. 0.35 దాటితే రెండు పేపర్లు కలిపి వేయొద్దు, వాటి మధ్య నుంచే కారుతుంది. లేత్ అన్న చెప్పినట్టు 0.5 షీట్ తెచ్చి ఒక్కటే కోసి వేయండి. బండి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఆరు నట్లూ 20కి ఒకసారి పట్టి చూడండి. పేపర్ సర్దుకున్నాక కొంచెం వదులవుతాయి.